అప్పుల చరిత్రలో నెలకు మూడొందలు



"చేతికి డబ్బులిస్తే మనోళ్లు తాగేస్తారు, పని మానేస్తారు" అనే మాట మనందరం విన్నదే. అది నిజమో కాదో ఒక ఆదివాసీ ఊళ్లోనే లెక్కగట్టి చూశారు. ఆ సంగతి చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

మన ఏజెన్సీ చరిత్రలో పేదరికం అంటే ముందు అప్పే. వానాకాలం మొదలయ్యేసరికి ఇంట్లో గింజలు అయిపోతాయి. విత్తనాలు అప్పుడే కావాలి, జ్వరాలూ అప్పుడే వస్తాయి. షావుకారు దగ్గర అప్పు తెస్తే పంట అతను చెప్పిన ధరకే కొలవాలి. అది తీరకపోతే భూమి పోయేది, లేదంటే మనిషే వెట్టికి పోయేవాడు.

దీన్ని ఆపడానికి చట్టాలు చాలానే వచ్చాయి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం తెచ్చింది. 1940లో అప్పు కింద వెట్టిని రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1/59, ఆ తర్వాత 1/70 వచ్చాయి. ఇవి లేకపోతే ఈరోజు మనకు ఈ మాత్రం భూమి కూడా మిగిలేది కాదు. కానీ భూమి లాక్కోవద్దని షావుకారికి చెప్పే చట్టం, జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లి చేతిలో రూపాయి పెట్టదు కదా. అందుకే ఆమె మళ్లీ ఆ షావుకారి గడపే తొక్కింది.

ఇప్పుడు మధ్యప్రదేశ్ సంగతి. 2011-12లో సేవా అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ సాయంతో ఇండోర్ ప్రాంతంలోని ఊళ్లలో ప్రతి మనిషికీ నెలనెలా డబ్బులిచ్చింది. ఆ పని నడిపినవాళ్లలో హైదరాబాద్‌కు చెందిన శరత్ దావలా ఒకరు. ఆ ఊళ్లలో ఘోడాఖుర్ద్ అనేది భిల్లుల ఊరు. అక్కడ పెద్దవాళ్లకు నెలకు 300, పిల్లలకు 150 చొప్పున ఏడాదిపాటు ఇచ్చారు. పిల్లల డబ్బు తల్లి చేతికే. ఫలానా దానికే ఖర్చు పెట్టాలనే షరతు లేదు. నలుగురున్న ఇంటికి నెలకు 900. పోల్చి చూడటానికి డబ్బు ఇవ్వని అలాంటి ఊరిని ఇంకొకటి తీసుకున్నారు.

ఏం తేలింది? తాగుడు ఖర్చు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. తిండి మెరుగుపడింది. మేకలు, కోళ్లు కొనుక్కున్నారు. పని మానలేదు సరికదా, కూలికి పోయేది తగ్గించి సొంత పొలంలో ఎక్కువ పని చేశారు. విత్తనాలకు చేతిలో డబ్బుంటే తన చేను వదిలి ఇంకొకరి చేలోకి ఎవరు పోతారు?

మరి మన దగ్గర? 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు 4,000. అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లకూ ఇచ్చారు. విత్తనాల వేళకు వచ్చిన డబ్బు షావుకారి అప్పును కొంతైనా తప్పించింది. కానీ ఘోడాఖుర్ద్‌లో డబ్బు మనిషిని చూసి వచ్చింది, ఇక్కడ కాగితాన్ని చూసి వచ్చింది. పట్టా లేని పోడు రైతు, కౌలు రైతు, భూమే లేని కూలీ బయటే ఉండిపోయారు. 2023లో సుమారు లక్షన్నర మందికి పోడు పట్టాలు ఇచ్చాకే వాళ్లకు రైతుబంధు దారి తెరుచుకుంది. అంటే ఐదేళ్లపాటు అందరికన్నా అవసరమున్న ఇంటికే ఆ డబ్బు అందలేదు.

ఇంకో మాట. నగదు వస్తోందని రేషన్, పీహెచ్‌సీ, హాస్టల్ తగ్గిస్తామంటే ఒప్పుకోకూడదు. దగ్గర్లో డాక్టరే లేకపోతే చేతిలో మూడొందలుండి ఏం లాభం?

చదువుకున్న మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఎవరికి పట్టా లేదు, ఎవరి ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేర్లు కలవడం లేదు, ఎవరి డబ్బు ఆగిపోయింది అని ఇంటింటికీ అడిగి రాసుకోండి. ఆ జాబితాను గ్రామసభలో పెట్టండి. మన తాతల అప్పులు షావుకారి పుస్తకంలోనే ఉండేవి. ఈ లెక్క మాత్రం మన చేతుల్లో ఉండాలి.

జై ఆదివాసీ!