పాత రోడ్‌స్టర్: తొలి మోడలా, తర్వాతిదా?

ఉద్యోగరీత్యా రంగూన్‌లో, పజుండౌంగ్ వంటి పేటల్లో ఉంటూ సరదాకి పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునే మనవాళ్ళ కోసం మాజ్డా రోడ్‌స్టర్ గురించి నాలుగు మాటలు. అమెరికాలో మియాటా అంటారే, అదే.

1989లో వచ్చిన మొదటి తరానికి 1.6 లీటర్ల ఇంజను, 1993లో 1.8 వచ్చింది. తొలి రెండేళ్ళ బళ్ళలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిది. అక్కడ పుల్లీ బిగింపు వదులైతే షాఫ్టే పాడవుతుంది. అందుకని 1.8 మేలు. 1998 నాటి రెండో తరంలో పైకి లేచే హెడ్‌లైట్లు పోయాయి (అందం సగం వాటిదే!). అయితే టాపు వెనక కిటికీకి ప్లాస్టిక్ బదులు గాజు వచ్చింది. ఇక్కడి ఎండకి అది పెద్ద లాభం.

వీటన్నిటికన్నా ముందు తుప్పు చూడండి. టాపు మీది నీరు పోయే గొట్టాలు పూడుకుంటే తలుపుల కింది రేకు లోపలినుంచి తినేస్తుంది. రంగూన్ వానలు తెలిసినవే కదా! తుప్పుపట్టిన 1.8 కన్నా శుభ్రమైన 1.6 నయం.

మరో చిక్కు స్టీరింగు. బర్మాలో 1970 నుంచి బళ్ళు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. జపాన్ కార్ల స్టీరింగూ కుడివైపే. ఇంత పొట్టి కారులోంచి బస్సును దాటబోతే ఎదురొచ్చేది కనపడదు. పైగా 2017లో కుడి స్టీరింగు సొంత కార్ల దిగుమతి ఆపేశారు. జపాన్ బండే కావాలంటే అంతకుముందు వచ్చినవాటిలోనే వెతకాలి, కాగితాలు చూసుకుని మరీ.