కట్టె, కొట్టె, తెచ్చె: విశాఖపట్నంలో కట్టెల శ్రమ, చెట్టు పని, హాస్యం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కట్టెలు కొట్టి అమ్ముకునేవారు, చెట్టెక్కి కొమ్మలు కొట్టేవారు తెలుగు సామెతల్లో తరచుగా కనిపిస్తారు. చరిత్ర రచనలో మాత్రం వారి జాడ తక్కువ. విశాఖపట్నాన్ని, దానికి వంటచెరకు అందించిన పరిసర ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని, ఈ రెండు పనుల తీరును, వాటి చుట్టూ అల్లుకున్న హాస్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక సామెతను శ్రామిక చరిత్రకు ఆధారంగా తీసుకునే ముందు అది కొన్నవారి మాటా, అమ్మినవారి మాటా, చెట్టు మీద ఉన్నవారి మాటా అని తేల్చుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వంటచెరకు, అడితి, మోపు, సామెత, శ్రామిక హాస్యం, విశాఖపట్నం, హుద్‌హుద్.

1. ఉపోద్ఘాతం

‘పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు’ అన్న సామెత తెలియని తెలుగువారు అరుదు. వైభవం పోయి దీనస్థితికి చేరిన మనిషి గురించి చెప్పేటప్పుడు దీన్ని వాడతారు. ఇందులో పూలు పరువుకు గుర్తు, కట్టెలు పతనానికి గుర్తు. అయితే మొదటినుంచీ కట్టెలే అమ్మిన మనిషికి ఈ సామెతలో చోటు లేదు. తల్లి మోసిన మోపునే కూతురూ మోసిన కుటుంబం ఏ పూల దుకాణం నుంచి పడిపోయింది? సామెత ఆ ప్రశ్న వేయదు. ఎందుకంటే అది కట్టెలు అమ్మేవారి అనుభవం నుంచి కాక, ఆ పనికి దిగవలసి వస్తుందేమోనన్న భయం నుంచి పుట్టింది.

తెలుగు సామెతల సేకరణకు దీర్ఘ చరిత్ర ఉంది. కెప్టెన్ కార్ సంకలనం 1868లో మద్రాసులో అచ్చయింది. ఆ తరువాత వచ్చిన సంకలనాలు సామెతలను అక్షరక్రమంలోనో విషయక్రమంలోనో అమర్చాయి. సామెతను ఎవరు, ఎవరితో, ఏ పని మధ్యలో అన్నారన్నది సాధారణంగా నమోదు కాలేదు. శ్రామిక హాస్యాన్ని అధ్యయనం చేసేవారికి ఇదే మొదటి చిక్కు.

2. మాటల్లో దాగిన పని

ఈ వృత్తి పదజాలమే ఒక ఆధారం. నరికిన మానును ముక్కలు చేస్తే దుంగ, దుంగను చీలిస్తే పేడు, ఏరుకొచ్చిన సన్నపుల్లలు చితుకులు. తలకెత్తుకోగలిగినంత కట్ట మోపు. గొడ్డలికి పట్టు కామ. కట్టెలు నిల్వచేసి అమ్మే చోటు అడితి. ప్రతి పేరూ పనిలోని ఒక దశను చెబుతుంది.

‘కట్టె’ అన్న పదానికి శరీరమన్న అర్థం కూడా ఉంది. ‘ఈ కట్టె కాలేదాకా’ అన్నప్పుడు పొయ్యిలోని కట్టె, చితి మీది దేహం ఒకే మాటలో కలుస్తాయి. కట్టెల అడితికి ఈ శ్లేష వట్టి అలంకారం కాదు. పెళ్ళివంటకూ దహనానికీ సరుకు వెళ్ళేది ఒకే కుప్ప నుంచి. శుభానికీ అశుభానికీ ఒకే తూకం వేసే వ్యాపారాలు ఎక్కువ లేవు.

రామాయణాన్ని మూడు మాటల్లో చెప్పమంటే ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అనడం తెలుగునాట వాడుక. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు అని దాని అర్థం. మొదటి మాటను క్రియగా కాక నామవాచకంగా చదివితే ఇదే వాక్యం కట్టెలవారి దినచర్య అవుతుంది: కట్టె కొట్టడం, తేవడం. ఇతిహాసానికి చాలిన మూడు మాటలు ఒక కూలి దినానికీ చాలాయి. అమ్మడమన్న నాలుగో మాట మాత్రం అందులో లేదు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

3. అడవి నుంచి పట్నానికి

1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో చెట్టు నరకడాన్ని, కలప సేకరణను అనుమతికి లోబరచింది. నాటి విశాఖపట్నం జిల్లాలో అధికభాగం విజయనగరం, బొబ్బిలి, జయపురం వంటి సంస్థానాల, జమీందారీల కింద ఉండేది. అందువల్ల కట్టె కొట్టే మనిషి ఒకచోట ప్రభుత్వ అటవీ సిబ్బందికి, మరొకచోట జమీందారు మనుషులకు జవాబు చెప్పవలసి వచ్చేది. అటవీ ఆంక్షలూ, మన్యం దారుల పనుల్లో వెట్టిచాకిరీ రగిల్చిన అసంతృప్తి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడులకు దారితీసిన కారణాల్లో ముఖ్యమైనది. చట్టం దృష్టిలో నేరమైన పని ఆ కొండల్లో తరతరాల బతుకుతెరువు.

ప్రభుత్వ లెక్కలు ఈ మనుషులను చూసిన తీరు కూడా గమనించదగింది. 1911 జనాభా లెక్కల వృత్తి పట్టికలో కట్టెలు కొట్టేవారు, లక్క వంటి అటవీ ఉత్పత్తులు సేకరించేవారు, బొగ్గు కాల్చేవారు అటవీ వృత్తుల కింద ఒక వరుసలో ఉన్నారు. కట్టెలు, బొగ్గు, పిడకలు అమ్మేవారు ఇంధన వాణిజ్యం కింద మరో వరుసలో ఉన్నారు. తెల్లవారుజామున కట్టె కొట్టి, పొద్దెక్కాక పట్నంలో అమ్మే స్త్రీ ఏ వరుసలోకి వస్తుంది? ఆమె శ్రమ ఒకటే, పట్టిక దాన్ని రెండుగా చీల్చింది. పేడును చీల్చినంత సులువుగా మనిషి బతుకును చీల్చలేమన్న సంగతి గణాంకాలను వాడే పరిశోధకులు గుర్తుంచుకోవాలి.

4. తూకం, తడి, వంకర

కట్టెల బేరమంతా అపనమ్మకం చుట్టూ తిరుగుతుంది. మోపు లెక్కన అమ్మితే కట్ట బిగువు మీద తగాదా. బండి లెక్కన అమ్మితే పేర్పు మీద తగాదా. వంకర కట్టెలను పేర్చితే మధ్యలో సందులు మిగులుతాయి. కొన్నవాడికి కట్టెతో పాటు గాలి కూడా వస్తుంది. తూకానికి అమ్మితే తగాదా తడి మీదికి మారుతుంది. కొత్తగా నరికిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. అది ఎండే కొద్దీ అమ్మేవారి సరుకు తూకం తగ్గుతుంది, కొన్నవారి పొయ్యి బాగా మండుతుంది. ఒకరి నష్టమే మరొకరి సుఖం.

మద్రాసు రాష్ట్రంలో వాడుకలో ఉన్న మణుగు 25 పౌన్లు, అంటే సుమారు 11.3 కిలోలు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. 1956 చట్టం ప్రకారం మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. రాళ్ళు మారినా తడి తగాదా మారలేదు.

‘కట్టె వంకర పొయ్యి తీరుస్తుంది’ అన్న సామెతను ఈ నేపథ్యంలో చదవాలి. మొండివాడి మొండితనాన్ని కష్టాలే సరిచేస్తాయన్నది దాని వాడుక అర్థం. బేరంలో అది అమ్మేవారికి అనుకూలమైన వాదన కాగలదు. ఎలాగూ కాల్చేదే కదా, వంకరైతే నేమి? ఒకే సామెత కొన్నవారి నోట నీతి, అమ్మేవారి నోట బేరం. సామెత ఒకటే అయినా, పలికిన నోటిని బట్టి దాని పని మారిపోతుంది.

5. రేవు, ఉక్కు, రాక్షసి బొగ్గు

1933లో రేవు ప్రారంభమయ్యాక విశాఖపట్నం వేగంగా మారింది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం మొదలైంది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తరువాత 1971లో ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. రేవుకూ కర్మాగారాలకూ వచ్చిన కూలీల కుటుంబాలకు వంటచెరకు కావాలి. మరోవైపు, కర్మాగారాల కోసం ఊళ్ళను సేకరించినప్పుడు పొలాలతో పాటు చితుకులు ఏరుకునే గట్లు, బంజర్లు కూడా కంచె లోపలికి పోయాయి. కట్టె అవసరం పెరిగిన చోటే కట్టె దొరికే నేల తగ్గింది.

నేలబొగ్గును తెలుగులో ‘రాక్షసి బొగ్గు’ అంటారు. ఉక్కు కొలిమికి కావలసిన ఈ రాక్షసి ఓడల మీద విశాఖ రేవుకు వచ్చింది. దానికి యంత్రాలు, రైలు పెట్టెలు ఎదురువెళ్ళాయి. వంటింటికి కావలసిన మామూలు కట్టె మాత్రం మనిషి తల మీదనో, సైకిల్ మీదనో, బండి మీదనో వచ్చింది. ఒకే నగరంలో నడిచిన ఈ రెండు ఇంధన వ్యవస్థల్లో చరిత్ర గ్రంథాలు ఓడల లెక్కనే ఎక్కువగా రాసుకున్నాయి.

వంటగ్యాస్‌తో వృత్తి కుదించుకుపోయింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకాన్ని, 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించాయి. పొగ లేని పొయ్యి స్త్రీల ఆరోగ్యానికి మేలు చేసింది. అందులో సందేహం లేదు. పొగ బారినుంచి బయటపడిన స్త్రీని పథకాలు లెక్కించాయి. గిరాకీ పోయిన మోపు మోసే స్త్రీ ఏ లెక్కలోకీ రాలేదు. అడితికి మిగిలింది ప్రధానంగా పెద్ద వంటలు, హోటళ్ళు, శ్మశానాలు.

6. చెట్టు మీది పని

‘కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు’ అన్న మాట మూర్ఖత్వానికి మారుపేరు. కాళిదాసు గురించిన ప్రచారకథలోనూ ఈ దృశ్యమే ఉంది. పండితుడు కాకముందు అతడెంత అమాయకుడో చూపడానికి కథ అతణ్ణి కొమ్మ చివర కూర్చోబెట్టి మొదలు నరికిస్తుంది. వాస్తవంలో చెట్టు పని చేసేవారి నేర్పంతా ఆ తప్పు జరగకుండా చూసుకోవడంలోనే ఉంది. మాను వైపు నిలబడాలి. చివరి నుంచి మొదలుకు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ముందు కొమ్మ అడుగున గాటు పెట్టి తరువాత పైనుంచి కొయ్యాలి. లేకపోతే విరిగే కొమ్మ మాను బెరడును చీల్చుకుంటూ పోతుంది. తాడు పట్టుకున్న మనిషి కింద సిద్ధంగా ఉండాలి. మూర్ఖుడికి ఉదాహరణగా సామెత ఎంచుకున్న పనే, జాగ్రత్త లేనిదే ఒక్క పూట కూడా సాగని పని.

పనివారి వైపు నుంచి పుట్టినవనిపించే సామెతలూ ఉన్నాయి. ‘చెట్టెక్కేవాణ్ణి ఎంతవరకు ఎగసందోయగలరు?’ అన్న మాటలో కచ్చితమైన కొలత ఉంది. కిందివారి చేయి అందేంతవరకే సాయం. ఆపైన ఎక్కేవాడి కాళ్ళూ చేతులే దిక్కు. ‘చెట్టెక్కించి నిచ్చెన తీసినట్టు’ అన్నదానిలో నమ్మించి వదిలేసిన యజమాని మీద ఆరోపణ ఉంది. ‘గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?’ అన్నది శ్రమ పొదుపు తెలిసినవారి మాట. ఈ మూడింటిలోనూ పనివాడు నవ్వులపాలు కాడు. నవ్వు ఉంటే అది పైకి పంపినవారి మీదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఈ నేర్పు విలువ నగరమంతటికీ తెలిసింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలులకు రోడ్ల పక్క చెట్లు, కంబాలకొండ, జంతుప్రదర్శనశాల పరిసరాల్లోని పచ్చదనం దారుణంగా దెబ్బతిన్నాయి. విద్యుత్ స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. విపత్తు సహాయ దళాలు మరరంపాలతో దారులు తెరిచాయి. కూలిన చెట్టు నిలిచిన చెట్టుకన్నా ప్రమాదకరం. బరువు కింద వంగి బిగిసిన కొమ్మ, కోత పడగానే విల్లులా ఎగిరి తన్నుతుంది. ఏ వైపు బిగువుందో చూసి కోసే కన్ను అనుభవంతోనే వస్తుంది. అంబులెన్సు కదలాలన్నా, తీగ మళ్ళీ కట్టాలన్నా ముందు దుంగ తొలగాలి. ఆ కొన్నాళ్ళు గొడ్డలి, రంపం పట్టినవారి వెనకే నగరం నడిచింది.

2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం అనుమతి లేకుండా చెట్లు నరకడాన్ని నిషేధించింది. నగరానికి చెట్టు కావాలి కనుక ఆ చట్టం సబబే. కానీ చెట్టును కాపాడే నేర్పు, చెట్టును తొలగించే నేర్పు రెండూ ఒకే చేతుల్లో ఉన్నాయన్న గుర్తింపు ఇంకా రాలేదు. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడికే ఎక్కడ కొట్టకూడదో తెలుస్తుంది.

7. హాస్యాన్ని ఆధారంగా చదవడం

విశాఖ న్యాయవాది, కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) కథల్లో పేదల మాటకారితనం అధికారం ముందు ఆత్మరక్షణగా పనిచేస్తుంది. ఆ పరిశీలనను కట్టెల బేరానికీ అన్వయించవచ్చు. తూకం, పర్మిటు, కూలి మూడూ ఇతరుల చేతుల్లో ఉన్నప్పుడు మాట ఒక్కటే సొంత పనిముట్టు. అందువల్ల ఈ సామెతలను మూడు తరగతులుగా విడదీయడం ఉపయోగకరం: వృత్తిని బయటినుంచి చూసి జాలిపడేవి లేదా వెక్కిరించేవి, బేరంలో ఇరువైపులా పనికివచ్చేవి, పనిలోని ప్రమాదం నుంచి పుట్టినవి. సంకలనాల్లో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. విడదీయకుండా వాడితే, కొన్నవారి నవ్వునే అమ్మినవారి మనస్సుగా పొరబడే ప్రమాదం ఉంది.

8. ముగింపు

విశాఖపట్నం చరిత్రను రేవు, నౌక, ఉక్కు అన్న మూడు మాటల్లో చెప్పడం అలవాటైంది. వాటి కింద కట్టె, మోపు, కొమ్మ అన్న మరో మూడు మాటలు ఉన్నాయి. అడితులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలో, అక్కడ పనిచేసినవారి మాటలను సందర్భంతో సహా నమోదు చేయడం విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖలు ఉమ్మడిగా చేపట్టదగిన పని. సామెతతో పాటు దాన్ని అన్నవారి పని, ఎదుటివారి స్థానం, అన్న సమయం కూడా రాసుకోవాలి. అప్పుడు పూలమ్మిన చోట కట్టెలమ్మడం పతనంగా కాక, ఒక నగరానికి పొయ్యి వెలిగించిన శ్రమగా చదవడానికి ఆధారాలు చేతికి వస్తాయి.