యార్డ్ సేల్

యార్డ్ సేల్ అంటే ఇంటివాళ్ళు తాము వాడిన సామాన్లను తమ ఇంటి ముందే, పచ్చిక మీదనో కారు షెడ్డులోనో పరిచి, ఒకటి రెండు రోజుల్లో చవకగా అమ్మేసుకోవడం. అమెరికా, కెనడాల్లో ఇది బాగా వాడుకలో ఉంది. గరాజ్ సేల్, ట్యాగ్ సేల్ అన్నవి దీనికే ప్రాంతాన్ని బట్టి ఉన్న పేర్లు. ఇల్లు ఖాళీ చేసేముందు పెడితే మూవింగ్ సేల్ అంటారు. ఈ పద్ధతికి అసలు బలం ఇల్లు మారడంలోనే ఉంది. అక్కడ ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సామాను చేరవేసే సంస్థలు సాధారణంగా బరువును, దూరాన్ని బట్టి కిరాయి కడతాయి. పాత సోఫాను వెయ్యి మైళ్ళు మోయిస్తే దాని విలువకన్నా కిరాయే ఎక్కువవుతుంది. అందుకే చేతికొచ్చే డబ్బుతోపాటు తప్పిపోయే కిరాయినీ లాభం కిందే లెక్కేసుకోవాలి.

18, 19 శతాబ్దాల్లో అమెరికాలో పడమటికి వలస వెళ్ళే రైతు కుటుంబాలు బండిలో పట్టని మంచాలు, నాగళ్ళు, పశువులను ఇంటి దగ్గరే వేలం వేసేవి. 'వెండ్యూ' అనే ఈ వేలానికి ఊరంతా కదిలివచ్చేది. 19వ శతాబ్దం చివరికి చర్చిలు విరాళంగా వచ్చిన పాత సామాన్లను రమ్మేజ్ సేల్ పేరిట అమ్మి, సేవా కార్యక్రమాలకు డబ్బు కూడబెట్టసాగాయి. వేలంలో ధర పైకి పోతుంది, చర్చి అమ్మకంలో బేరమాడి కిందికి దింపుతారు. యార్డ్ సేల్‌లో చోటు మొదటిదానిది, బేరం రెండోదానిది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యార్డ్ సేల్‌కు పరిస్థితులు కలిసివచ్చాయి. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ నిర్మాణం మొదలైంది. అలాంటి శివారు కాలనీల్లో ప్రతి ఇంటికీ ముందు కాస్త పచ్చిక, లోపల ఏటేటా పెరిగే సామాన్లు ఉండేవి. ఆ రోజుల్లో ఏడాదిలో ప్రతి 5 మంది అమెరికన్లలో ఒకరు ఇల్లు మారేవారు. 1960ల చివర్లో, 1970ల్లో ఈ అమ్మకాలు దేశమంతా పాకాయి. ఎక్కువగా నడిపింది ఆడవాళ్ళే. తర్వాత చాలా పట్టణాలు అనుమతి పత్రం ఉండాలనీ, ఏడాదికి ఇన్నిసార్లే పెట్టాలనీ నిబంధనలు తెచ్చాయి.

ఈ సామాన్య వ్యవహారాన్ని మొదట శ్రద్ధగా చూసినవారిలో కళాకారిణి మార్తా రోస్లర్ ఒకరు. 1973లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గ్యాలరీలో ఆమె నిజమైన గరాజ్ సేల్‌నే ప్రదర్శనగా పెట్టారు. మంచి వస్తువులు వెలుతురులో ముందుండేవి. వెనక్కి వెళ్ళేకొద్దీ వెలుతురు తగ్గేది, వస్తువులు మరీ సొంతమైనవిగా, మామూలుగా ఎవరూ బయటపెట్టనివిగా మారేవి. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో దాన్నే మరింత పెద్ద ఎత్తున నిర్వహించారు. 1980ల నుంచి ఈ అమ్మకాలను పరిశోధించిన గ్రెచెన్ హెర్మన్ ఇంకో సంగతి గమనించారు. వస్తువును ఇష్టంగా వాడుకుంటారనిపించినవారికి అమ్మేవాళ్ళు ధర తగ్గిస్తారు, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు, దాని కథా చెబుతారు. దీన్ని ఆమె అమ్మకానికీ కానుకకూ మధ్య ఉన్న ఇచ్చిపుచ్చుకోలుగా చూశారు. ఈ పద్ధతి గురించి ఇంతకన్నా లోతైన మాట చెప్పడం కష్టం.

సేల్ బాగా సాగడం చాలావరకు ముందురోజు పని మీద ఆధారపడుతుంది. ప్రతి వస్తువుకూ ధర రాసిన చీటీ అతికిస్తారు, మడతబల్లల మీద గిన్నెలు సర్దుతారు, బట్టలను తీగకు వేలాడదీస్తారు. చిల్లర కోసం ఒక డాలరు నోట్లు, పావలా డాలరు నాణేలు డబ్బాలో సిద్ధంగా ఉంచుకుంటారు. పాత సామాన్ల వ్యాపారులు చెప్పిన వేళకు ముందే వచ్చి తలుపు తడతారు. మధ్యాహ్నానికి ధరలు సగమవుతాయి, సాయంత్రానికి 'ఉచితం' అని రాసిన పెట్టె వీధి అంచుకు చేరుతుంది. ఇల్లు మారేవారికి గడువు ఉంటుంది గనుక ఈ దిగుడు ఇంకా వేగంగా సాగుతుంది.

1987లో టెనెసీ రాష్ట్రం ఫెంట్రెస్ కౌంటీ అధికారి మైక్ వాకర్ చొరవతో 127వ నంబరు రహదారి పొడవునా యార్డ్ సేల్ మొదలైంది. ఇప్పుడది ఏటా ఆగస్టులో మిషిగన్ నుంచి అలబామా దాకా 690 మైళ్ళు సాగుతుంది. ఇలాంటి చోట్ల నిధి దొరుకుతుందన్న ఆశ కొందరిని తిప్పుతుంది. 2007లో న్యూయార్క్ రాష్ట్రంలో 3 డాలర్లకు కొన్న గిన్నె చైనా సాంగ్ వంశకాలం నాటిదని తేలి, 2013లో సోథబీస్ వేలంలో 22 లక్షల డాలర్లకు పైగా పలికింది.

అన్నీ అమ్మడానికి లేదు. పక్క కిందికి జారే ఊయల మంచాల్లో ఇరుక్కుని పసిపిల్లలు చనిపోవడంతో 2011 జూన్ 28 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించారు. యార్డ్ సేల్‌కూ ఆ నిషేధం వర్తిస్తుంది.

1995లో ఈబే, క్రెయిగ్స్‌లిస్ట్, 2016లో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వచ్చాక విలువైన వస్తువులు ముందే ఆన్‌లైన్లో పోతున్నాయి. అమెరికాలోని తెలుగువారికి, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో ఉండే విద్యార్థులకు, ముంగిలి ఉండదు. వారి మూవింగ్ సేల్ వాట్సాప్ గ్రూపుల్లో, ఫొటోలూ ధరలూ ఉన్న జాబితాతో నడుస్తుంది. చదువు ముగించి వెళ్ళేవారి స్టడీ టేబుల్, పరుపు కొత్తగా దిగినవారికి చేరతాయి. ఇండియాకు తిరిగొచ్చేవారికి అమ్మక తప్పనివి కొన్నుంటాయి. అక్కడి రైస్ కుక్కరు, మిక్సీ 120 వోల్టులకు చేసినవి, ఇక్కడి 230 వోల్టులకు నేరుగా పెడితే కాలిపోతాయి. పరుపును, కారును చివరిదాకా వాడుకోవాలి గనుక వాటికి ముందే బేరం కుదుర్చుకుని, బయలుదేరే రోజున అప్పగిస్తారు.