బాంబు పేరు లేని తొలి ప్రతి

ఫిరంగి గుండు గమనాన్ని గణితంతో తేల్చాలని చూసిన నికొలో టార్టాలియా పుస్తకం 'నోవా సైంటియా' 1537లో వెనిస్‌లో అచ్చయింది. సాటి క్రైస్తవుల ప్రాణాలు తీసే విద్య నేర్పడం పాపమని తన కాగితాలన్నీ నాశనం చేశానని ఆయనే అందులో రాసుకున్నాడు. ఒట్టోమన్ సుల్తాను దండెత్తి వస్తాడన్న భయం పుట్టేసరికి ఆ పాపభీతి సడలింది. మూడేళ్లకు అదే ఊళ్లో, రచయిత పోయిన తర్వాత, బిరింగుచియో 'పిరోటెక్నియా' వచ్చింది. లోహాలు కరిగించడం, ఫిరంగులు పోత పోయడం, మందుగుండు తయారీ అన్నీ అందులో బొమ్మలతో సహా ఉన్నాయి. అరుదైన విజ్ఞాన గ్రంథాలు సేకరించేవాళ్లు ఈ రెంటి కోసం నేటికీ పోటీ పడతారు.

ఆ రోజుల్లో దాచాలా వద్దా అన్నది రచయిత మనస్సాక్షి తేల్చుకునేది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని ప్రభుత్వం చేతికి పోయింది. జపాన్ రహస్య తంతి సందేశాలను అమెరికా ఎలా ఛేదించిందో హెర్బర్ట్ యార్డ్‌లీ 1931లో 'ది అమెరికన్ బ్లాక్ ఛాంబర్'లో బయటపెట్టాడు. 1933లో ఆయన రెండో పుస్తకం రాతప్రతినే అధికారులు పట్టుకుపోయారు. అలాంటి రహస్యాలు అచ్చు కాకుండా ఆపేందుకు ఆ ఏడాదే చట్టమూ చేశారు.

అణుబాంబు దగ్గరికి వచ్చేసరికి అసలు ఏది తొలి ముద్రణ అన్నదే చిక్కుముడి. 1943 ఏప్రిల్‌లో అమెరికా బాంబు తయారీ కేంద్రం లాస్ అలమోస్‌లో రాబర్ట్ సెర్బర్ చేసిన ఉపన్యాసాలను ఎడ్వర్డ్ కాండన్ రాసిపెట్టాడు. 24 పేజీలు, 36 ప్రతులు. 1965 దాకా రహస్యం. దుకాణాల్లో దొరికే పుస్తకంగా వచ్చింది 1992లో!

నా దృష్టిలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది బాంబు తయారీ గురించి చెప్పే అధికారిక స్మిత్ నివేదిక. ప్రిన్స్‌టన్ భౌతికశాస్త్రవేత్త హెన్రీ డివూల్ఫ్ స్మిత్ రాసిన దీన్ని నాగసాకిపై బాంబు పడిన మూడు రోజులకు, 1945 ఆగస్టు 12న, పత్రికలకు విడుదల చేశారు. టైపు కాగితాలను లిథోలో తీసిన సుమారు వెయ్యి ప్రతులు అవి. ఆయన అనుకున్న పేరు 'అటామిక్ బాంబ్స్'. గోప్యత కోసం పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి, చివర్లో ఎర్ర సిరాతో రబ్బరు స్టాంపు వేద్దామనుకున్నారు. హడావుడిలో కొద్ది ప్రతులకు తప్ప ఆ స్టాంపు పడనే లేదు. అట్ట మీద మిగిలింది చాంతాడంత ఉపశీర్షిక ఒక్కటే. సైనిక అవసరాలకు అణుశక్తి అన్న అందులోని ముక్కే సెప్టెంబరులో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన పుస్తకానికి పేరైంది. లక్షకు పైగా అమ్ముడైన ఆ పుస్తకం కష్టపడకుండానే దొరుకుతుంది. ఎవరైనా వెతికేది చవకబారుగా కనిపించే లిథో ప్రతి కోసమే.

మోజు ఒక్కటే కాదు, దానికి ఇంకో కారణం కూడా ఉంది. బాంబు కోసం కట్టిన హాన్‌ఫర్డ్ అణు రియాక్టర్లను అనుకోని విషప్రభావం ఒకటి దాదాపు ఆపేసిందన్న వాక్యం లిథో ప్రతిలో ఉంది, ప్రిన్స్‌టన్ ముద్రణలో తీసేశారు. 1946లో వచ్చిన రష్యన్ అనువాదంలో అది మళ్లీ ఉంది. అంటే తీసేసిన వాక్యం రష్యన్ల కంటపడిందన్నమాట. పాఠభేదాలు పట్టుకోవడం పండితుల పనే అనుకుంటాం గానీ!

1960లో అదే ప్రిన్స్‌టన్ ప్రెస్ హెర్మన్ కాన్ 'ఆన్ థర్మోన్యూక్లియర్ వార్' వేసింది. దీనికి స్టాంపు గొడవ లేదు. అణుయుద్ధంలో 20 లక్షల మంది పోతే దేశం కోలుకోవడానికి ఏడాది, 16 కోట్ల మంది పోతే వందేళ్లు అని పట్టిక వేసి మరీ దుకాణాల్లో అమ్మారు.