తూములు తిప్పే చెయ్యి

సంక్రాంతికి వర్నిలో మా పుట్టింటికి వెళ్ళాను. మా అక్క కొడుకూ వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటర్ నెట్‌వర్కుల ఉద్యోగం వాడిది. పళ్ళెంలో అరిసెలు పెట్టి ఇస్తే, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంట్రా, పండగ పూట కూడానా?"

"ఒక్క నిమిషం పిన్నీ, మా ఆఫీసులో నలభై స్విచ్చులు సరిచేస్తున్నా."

ఇక్కడ కూర్చుని అక్కడి స్విచ్చులా! నా మొహం చూసి నవ్వుతూ చెప్పాడు. ఆఫీసులో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటారట. ఏ కబురు ఏ కంప్యూటరుకు పోవాలో అదే చూస్తుందట. అంతస్తుకు కొన్ని చొప్పున ఉన్న ఆ పెట్టెల్ని గుంపులుగా చేసి, పైన కంట్రోలర్ అని ఒకటి పెడతారు. దానికి ఒక్కసారి చెబితే గుంపు గుంపంతా వింటుంది.

"అయితే మన నిజాంసాగర్ కాలువలాంటిదేగా!" అన్నాను. మంజీర మీద 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళే మా వర్ని పొలాలను బతికించాయి. పెద్దకాలువ, పిల్లకాలువలు, తూములు. కాకపోతే తూము తిప్పాలంటే లష్కరు గట్టు వెంట నడిచి వెళ్ళేవాడు. వీడు అరిసె తింటూ నలభై తూములు తిప్పేస్తున్నాడు!

నాకు పాత టెలిఫోను ఎక్స్ఛేంజి గుర్తొచ్చింది. ఈ స్విచ్చుల వంశానికి మూలం అదే కదా. మొదట్లో అమెరికాలో ఆ పనికి కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళ దురుసు మాటలు భరించలేక 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని తీసుకున్నారు. ఆ తర్వాత ఎక్స్ఛేంజి ఆడవాళ్ళ రాజ్యమైంది. ఎదురుగా కన్నాల బోర్డు, చేతిలో తీగ. ఏ ఇంటిని ఏ ఇంటితో కలపాలన్నా ఆవిడ చెయ్యే కదలాలి.

ఆ చెయ్యిమీదే అనుమానం వచ్చింది ఆల్మన్ స్ట్రౌజర్‌కి. కాన్సస్ సిటీలో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఆయనది. తనకు రావలసిన బేరాల్ని ఆపరేటరమ్మ పోటీవాడికి కలిపేస్తోందని గోల. ఆవిడ ఆ పోటీవాడి భార్యేనని కథగా చెబుతారు. ఆ ఉక్రోషంతో మనిషి అక్కర్లేని స్విచ్ కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్కడి అనుమానం ఎంతమంది ఆడవాళ్ళ ఉద్యోగాలకు ఎసరు పెట్టిందో చూడండి!

మన పల్లెలకు ఆ యంత్రం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడ్డాక, ఎండకూ దుమ్ముకూ తట్టుకునే, ఏసీ గది అక్కర్లేని చిన్న ఎక్స్ఛేంజీలు తయారయ్యాయి. అవి వచ్చేదాకా ట్రంకు కాలే గతి.

నా చిన్నతనంలో ఒక రాత్రి తాతయ్యకు గుండెనొప్పి వచ్చింది. నాన్న హైదరాబాదులో ఉన్న బాబాయికి అర్జెంట్ కాల్ బుక్ చేశారు. లైను దొరకలేదు. రెండోసారి అడిగేటప్పుడు నాన్న గొంతు వణికింది. అటువైపు ఆవిడ క్షణం ఆగి, "ఫోను దగ్గరే ఉండండన్నగారూ, ఇంకో దారిన చూస్తాను" అందట. వేరే ఊరి మీదుగా కలిపింది. తెల్లారేసరికి బాబాయి వచ్చాడు. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకునే కన్నుమూశారు. ఆవిడ పేరు మాకిప్పటికీ తెలీదు.

"ఇప్పుడా ఇంకో దారి యంత్రమే వెతుకుతుంది పిన్నీ, రెప్పపాటులో" అన్నాడు మావాడు.

నిజమే. కానీ 1990 జనవరి 15న అమెరికాలో ఏం జరిగింది? ఏటీ అండ్ టీ కంపెనీ పెద్ద స్విచ్చులు 114 ఉంటే, అన్నిట్లోనూ ఒకటే ప్రోగ్రాం, అందులో ఒక చిన్న తప్పు. ఒకటి పడి లేస్తూ పక్కవాటినీ పడేసింది. తొమ్మిది గంటలపాటు దూరపు కాల్స్ సగానికి సగం కలవలేదు.

"నీ నలభైకీ ఒకేసారి తప్పు మాట వెళితేనో?" అన్నాను.

మావాడు నమలడం ఆపాడు. "అందుకే ముందు ఒక్కదానికే చెప్పి చూస్తాం. అది బాగుంటేనే మిగతావాటికి."

అంటే, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటమన్నమాట! ఈ విద్య వీడికి ఏ కాలేజీలో నేర్పారో గానీ, మన వంటిళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆనందం పట్టలేక వాడి పళ్ళెంలో ఇంకో అరిసె వేశాను.