స్పీకరు పెట్టే చోటు: ఒక శాస్త్రం ఎదిగిన తీరు

గదిలో ధ్వని తీరును లెక్కగట్టే శాస్త్రం ఒక ఉపన్యాసశాలలో పుట్టింది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం హాలులో మాట అర్థమయ్యేది కాదు. పలికిన మాట అయిదు సెకన్లకు పైగా మారుమోగుతుంటే, తర్వాతి మాటలు దానిలో కలిసిపోయేవి. దాని సంగతి చూడమని యువ అధ్యాపకుడు వాలెస్ సాబిన్‌కు అప్పగించారు. ఆయన దగ్గరలోని శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిపూట తెప్పించి, కొన్ని కొన్నిగా పరిపించి, ఆర్గన్ గొట్టం మోగించి ఆపి, శబ్దం పూర్తిగా అణగడానికి పట్టే సమయాన్ని కొలిచాడు. గది ఘనపరిమాణంతో మారుమోత పెరుగుతుందని, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులతో తగ్గుతుందని తేల్చాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఈ సూత్రం ఆధారంగానే కట్టారు.

ఇంట్లో స్పీకరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న స్టీరియోతో ముదిరింది. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే దానికి పేటెంటు కోరినా, స్టీరియో రికార్డులు బజారుకు రావడానికి 1958 దాకా పట్టింది. రెండు స్పీకర్లూ, వినేవారూ సమబాహు త్రిభుజం మూలల్లో ఉండాలన్న పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. అంతకుముందే 1949లో హెల్ముట్ హాస్ మరో సంగతి చూపాడు: ముందు చేరిన శబ్దాన్ని బట్టే చెవి దిక్కును పోల్చుకుంటుంది, వెంటనే వచ్చే ప్రతిధ్వనిని విడిగా లెక్కచేయదు. గోడలున్నా గాయకుడు ఎటున్నాడో తెలిసేది అందువల్లే.

మంద్రస్వరాల (బేస్) దగ్గర మాత్రం గోడ ఊరుకోదు. పాల్ క్లిప్ష్ 1940లలో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ అనే స్పీకరు గది మూలనే తన బూరలో భాగం చేసుకుంది. మూల బేస్‌ను పెంచుతుంది. 1970లలో రాయ్ ఆలిసన్ దీని రెండో ముఖాన్ని కొలిచాడు. గోడకు మీటరు దూరంలో ఉన్న స్పీకరు శబ్దం ఆ గోడకు తగిలి తిరిగొచ్చి, 86 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చే శబ్దాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. నాలుగు మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్ దగ్గర తానే గుమ్మంటుంది. పెట్టె ఎంత ఖరీదైనదైనా ఈ రెండూ తప్పవు.

కెనడాలో ఫ్లాయిడ్ టూల్ కళ్లకు స్పీకరు కనబడకుండా శ్రోతలతో జరిపిన పరీక్షలు ప్రతిధ్వని వినికిడిని పాడుచేస్తుందన్న పాత భయాన్ని పోగొట్టాయి: మంచి స్పీకరయితే పక్క గోడల ప్రతిధ్వని చాలామందికి నచ్చుతుంది కూడా. కాబట్టి గదినంతా స్పాంజితో కప్పనక్కర్లేదు.

నేటి యాంప్లిఫయర్లు కొన్ని మైకుతో గదిని కొలిచి స్వరాన్ని సరిదిద్దుతాయి. పొంగిన బేస్‌ను అవి తగ్గించగలవు. రద్దయిపోయిన స్వరాన్ని మాత్రం తిరిగి తేలేవు. దానికి స్పీకరునో కుర్చీనో జరపవలసిందే.