గుడ్ల కోళ్ల పెంపకం: నైతికత

గుడ్ల కోసం కోళ్లను పెంచే పద్ధతి న్యాయమా అన్న చర్చ. గుడ్ల ఉత్పత్తిలో ముందువరుసలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు, పశువైద్య కళాశాల ఉన్న గరివిడికి (విజయనగరం జిల్లా) ఇది దూరపు విషయం కాదు.

పల్లెలో నాటుకోడి పెరట్లో గింజలేరుకుంటుంది, గంపలో పొదుగుతుంది. ఫారంలో గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి బతుకు తీగల పంజరంలోనే గడుస్తుంది. ఒక్కోదానికి దక్కే చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితమంత కూడా కాదు. అది రెక్క చాచలేదు, మట్టిలో పొర్లలేదు. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే ఒంట్లో సున్నం తరిగి ఎముకలు పెళుసెక్కుతాయి. గుడ్లు పెట్టవు కనుక మగ కోడిపిల్లలను గుడ్లు పొదిగించే హేచరీల్లో పుట్టిన రోజే చంపేస్తారు. అన్నిటికన్నా ఘోరం ఇదే. పంజరాలు తీసేసినంత మాత్రాన ఇది ఆగదు.

ఐరోపా సమాఖ్య 2012లో మామూలు పంజరాలను నిషేధించింది. భారత లా కమిషన్ 2017 నాటి 269వ నివేదికలో ఈ పంజరాల సమస్యను పరిశీలించింది.

గుడ్లు, పాలు సహా జంతువుల నుంచి వచ్చేవన్నీ మానేవారిని సూచించే ‘వీగన్’ అన్న మాట 1944లో బ్రిటన్‌లో పుట్టింది. గుడ్డు మానడం మన శాకాహారులకు పాత అలవాటే; పాలు, పెరుగు మానడమే కష్టం. అయితే బడి భోజనంలో పేదపిల్లలకు అందే గుడ్డును తీసేయమనడం అన్యాయం. వెసులుబాటు ఉన్నవారు ఉలవలు, పెసలు, వేరుశనగలతో మాంసకృత్తులు పొందవచ్చు. పాలు కూడా మానితే బి12 విటమిన్‌ను మాత్రం విడిగా తీసుకోవాలి.